పెళ్లి సిలబస్‌లో లేదు

రాజకీయ శాస్త్రం లెక్కలో పెళ్లి రాజకీయం కాదు. అది పక్క గదిలో ఉండే సోషియాలజీ వాళ్ల సబ్జెక్టు. ఈ మాట భద్రాచలంలో నిలబడి అనాలంటే కాస్త గుండె ధైర్యం ఉండాలి. ఏటా శ్రీరామనవమికి సర్కారు తరఫున పట్టుబట్టలు, ముత్యాల తలంబ్రాలు వచ్చేది ఇక్కడి పెళ్లికే. ముఖ్యమంత్రి వస్తే ఒక రాజకీయం, రాకపోతే ఇంకో రాజకీయం. సరే, దేవుడి పెళ్లి మనకొద్దు. మనుషుల పెళ్లి చూద్దాం.

వన్ ఆఫ్ సెవెంటీ అంటే ఇక్కడ చిన్నపిల్లాడికీ తెలుసు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరుడు గిరిజనుడి దగ్గర కొనకూడదు, సాటి గిరిజనేతరుడి దగ్గర కూడా కొనకూడదు. ఇంత కట్టుదిట్టమైన చట్టానికి ఉన్న దొడ్డిదారి పేరు మూడుముళ్లు. కోయ పిల్లను చేసుకుంటే పట్టా ఆమె పేర, మిర్చి డబ్బు ఈయన ఖాతాలో. కింద పట్నంలో పెద్దావిడ ఒకరు ఉంటే ఉండొచ్చు, ఆ వివరం ఏ పహాణీకీ ఎక్కదు. ఇష్టపడి చేసుకుని చక్కగా కాపురం చేసుకుంటున్నవాళ్లూ ఉన్నారు, వాళ్లకో దండం. నేను మాట్లాడేది సర్వే నంబరు చూసి ప్రేమించినవాళ్ల గురించి.

1996లో పెసా చట్టం వచ్చి షెడ్యూల్డ్ ప్రాంతంలో సర్పంచ్ పదవులన్నీ గిరిజనులకే అంది. తర్వాత వాటిలో సగం మహిళలకు అన్నారు. అల్లుడుగారికి పొలంతో పాటు పంచాయతీ కూడా కలిసొచ్చింది.

ఇక ఎండాకాలంలో, ట్యాబ్ పట్టుకుని, హైదరాబాద్ నుంచి పరిశోధకుడు దిగుతాడు. సర్పంచ్ గారు అరుగు మీద కూర్చుని తునికాకు కట్ట కడుతూ ఉంటుంది. కట్టకు యాభై ఆకులు. ఆమె భర్త ప్లాస్టిక్ కుర్చీలో ఉంటాడు, పంచాయతీ రబ్బరు స్టాంపు ఆయన చొక్కా జేబులో ఉంటుంది.

“మీ వయసెంత మేడమ్?”

“నలభై ఎనిమిది, నలభై తొమ్మిది...” అని ఆమె ఆకులు లెక్కపెట్టుకుంటుంది. ట్యాబ్‌లో వయసు 49 పడుతుంది.

“నిధుల ఖర్చు మీద నిర్ణయం ఎవరిది?”

“ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటామండి” అంటాడు భర్త. ‘ఉమ్మడి నిర్ణయం’ దగ్గర టిక్కు. చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ కూడా సంతకం పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెబుతుంది. ఉప సర్పంచ్ పదవి గిరిజనులకే అన్న నియమం మాత్రం లేదు. ఆ రెండో సంతకం ఎవరిదని అడిగే ప్రశ్న ఫారంలో ఉండదు.

స్త్రీ, ఎస్టీ, వివాహిత. మూడు గళ్లూ నిండాయి కాబట్టి, ఒకే మనిషి మీద పలు వివక్షలు కలిసి పడే తీరును చూసే ఇంటర్‌సెక్షనాలిటీ పూర్తయినట్టే. భర్త కులం రాసే గడి లేదు. ఆ ఒక్క గడి పెడితే పరిశోధన మొత్తం తలకిందులవుతుందని గూడెంలో గొడ్లు కాసే పిల్లాడైనా చెబుతాడు.

విడ్డూరమేమిటంటే, 1989లో అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యురాలు కింబర్లీ క్రెన్‌షా ఈ భావనకు పేరు పెట్టింది గళ్లు నింపడం కోసం కాదు. ఆమె ఉదాహరణగా చూపింది జనరల్ మోటార్స్ మీద నల్లజాతి మహిళలు వేసిన కేసును. దాన్ని 1976లో కొట్టేశారు. కంపెనీలో నల్లవాళ్లున్నారు, ఆడవాళ్లున్నారు, ఇంక మీ ఫిర్యాదేంటి అన్నట్టు సాగింది ఆ తీర్పు. ఆ నల్లవాళ్లు మగవాళ్లు, ఆ ఆడవాళ్లు తెల్లవాళ్లు. మనవాడు ఈ కథను మొదటి అధ్యాయంలో భక్తిగా రాసుకుని, మూడో అధ్యాయంలో ఆ జడ్జిగారి లెక్కే వేస్తాడు. గిరిజనులు వచ్చారు, మహిళలు వచ్చారు, సాధికారత యాభై శాతం.

గూడెం పెద్దమనుషులేం తక్కువ తినలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ఎస్టీలకు వర్తించదు కాబట్టి, ఆడపిల్లకు భూమేంటని ఆచారం పేరు చెబుతారు. గిరిజన స్త్రీకి వాటా ఇవ్వకపోవడం సమానత్వానికి విరుద్ధమని ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పాల్సి వచ్చింది. అన్నదమ్ములు ఇవ్వని భూమి ఆమె పేర రాయించేవాడు బయటివాడైతే, ఆమెకు అతడు మొగుడో బినామీదారో తేల్చుకునే తీరిక ఎక్కడిది? ఈ ప్రశ్నకు సెమినార్‌లో టైమ్ ఉండదు, భోజనాల వేళ అవుతుంది.

భోజనాలయ్యాక తీర్మానం ఎప్పుడూ ఒకటే. గిరిజన మహిళల్లో రాజకీయ చైతన్యం తక్కువ, శిక్షణ ఇవ్వాలి. భద్రాచలం లోక్‌సభ సీటు చరిత్ర ఒక్కసారి తిరగేస్తే శిక్షణ ఎవరికి కావాలో తెలిసేది. 1967 నుంచి వరుసగా నాలుగుసార్లు రాధాబాయి ఆనందరావు, 1989లోనూ 1991లోనూ కర్రెద్దుల కమలకుమారి, 1999లో దుంప మేరీ విజయకుమారి. 2004 దాకా జరిగిన పదకొండు సాధారణ ఎన్నికల్లో ఏడుసార్లు ఈ అడవి సీటు ఆడవాళ్లనే ఢిల్లీకి పంపింది. అప్పుడు లోక్‌సభలో మహిళా రిజర్వేషన్ లేదు. 2008 పునర్విభజనలో ఆ నియోజకవర్గాన్నే ఎత్తేసి భద్రాచలాన్ని మహబూబాబాద్‌లో కలిపారు. 2023లో మహిళలకు మూడో వంతు సీట్లంటూ రాజ్యాంగాన్ని సవరించారు. అమలు ఎప్పుడంటే, జనాభా లెక్కలయ్యాక, ఇంకోసారి పునర్విభజన చేశాక.