గోరంత కార్డుకు కొండంత టీక

అవతారిక

రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు 2012 ఫిబ్రవరి 29న, నాలుగేళ్లకోసారి మాత్రమే వచ్చే రోజున, ఇంగ్లండులోని కేంబ్రిడ్జివారి చేతుల మీదుగా లోకంలోకి వచ్చింది. దానికి హార్డ్ డిస్కు లేదు. చవకలో పని జరగాలని, కెమెరాల్లో వాడే ఎస్‌డీ కార్డునే ఆ చోట పెట్టారు. కుర్రాళ్లు ప్రయోగాలు చేసి సిస్టమ్‌ను పాడుచేసుకున్నా కార్డు ఊడదీసి మళ్లీ రాసుకోవచ్చు, బోర్డుకేమీ కాదు. నేర్చుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. అయితే పెద్దవాళ్లు దాన్ని పట్టుకుపోయి రాత్రింబవళ్లు ఆగని పనులకు పెట్టారు: ఇంటి లైట్లు, సీసీ కెమెరా, ట్యాంకు మోటారు, ప్రకటనలను అడ్డుకునే డీఎన్ఎస్ సర్వరు. కొంతకాలానికి ఒక ఉదయం చూస్తే ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది, కార్డు కదలికను చూపే పచ్చ లైటు మాత్రం మిణకదు. ఆ సందర్భమే ఈ తేటగీతికి ఇతివృత్తం. ఈ విషయం మీద పూర్వకవుల పద్యమేదీ దొరకనందున మూలాన్ని కూడా టీకాకారుడే సమకూర్చుకోవలసి వచ్చింది. సహృదయులు మన్నింతురు గాక.

మూలం

గోరు వెడలుపు పలకపైఁ గోటి వ్రాత
చదువు వాడెవ్వడును లేక సాగుచుండు
తుడుపు తుడుపున నొక పొర తొలగి పోవు
మాట సెప్పక యొకనాడు మౌనమందు

ప్రతిపదార్థం

గోరు వెడలుపు = బొటనవేలి గోరంత వెడల్పు గల (15 మిల్లీమీటర్ల పొడవు, 11 వెడల్పు, 1 మందం అని నిఘంటువు కాదు, స్పెసిఫికేషను చెబుతోంది); పలకపైన్ = మైక్రో ఎస్‌డీ కార్డు మీద; కోటి వ్రాత = లెక్కకు మించిన రాత; చదువు వాడు = ఆ రాతను తెరిచి చూసేవాడు; ఎవ్వడును లేక = యజమానితో సహా ఒక్కడూ లేకుండానే; సాగుచుండున్ = కరెంటు ఉన్నంతసేపూ నడుస్తూ ఉంటుంది; తుడుపు తుడుపునన్ = చెరిపిన ప్రతిసారీ; ఒక పొర = కొంత ఆయుర్దాయం; తొలగి పోవున్ = తరిగిపోతుంది; మాట చెప్పక = ఏ హెచ్చరికా ఇవ్వకుండా; ఒకనాడు = సాధారణంగా మీరు ఊళ్లో లేనినాడు; మౌనము అందున్ = బూట్ కాకుండా ఊరుకుంటుంది.

‘గోటి వ్రాత’ అన్నది చూసి గోటితో గీసిన రాత అని అన్వయించరాదు. అది కోటికి వచ్చిన సరళాదేశం మాత్రమే.

తాత్పర్యం

కార్డు చచ్చేది మీరు దాచుకున్నవాటి బరువుతో కాదు, మీకు తెలియకుండా దాని మీద పడే చిల్లర రాతతో అని భావం.

వివరణ

మొదటి పాదం. పలక అన్న పోలిక ఉచితమే, అయితే సగం దూరమే వస్తుంది. బడిపిల్లవాడికి పలక మీద ఒక అక్షరం తప్పు పడితే వేలితో ఆ ఒక్కదాన్నే చెరిపి దిద్దుకుంటాడు. ఈ పలకకు ఆ వీలు లేదు. తోషిబాలో పనిచేసిన ఫుజియో మసువోకా 1984లో ఫ్లాష్ మెమరీనీ, 1987లో దాని నాండ్ రూపాన్నీ ప్రకటించాడు. చవకగా, కిక్కిరిసి పట్టేలా చేసుకున్నందుకు నాండ్‌కు ఒక షరతు అంటుకుంది: రాయడం పేజీల లెక్కన, చెరపడం బ్లాకుల లెక్కన. ఇప్పటి చిప్పుల్లో పేజీ అంటే సుమారు 16 కేబీ. బ్లాకు అంటే అలాంటి పేజీలు వందల కొద్దీ, వెరసి కొన్ని ఎంబీలు. ఒకసారి రాసిన పేజీ మీదే మళ్లీ రాయాలంటే అది ఉన్న బ్లాకంతా చెరగాలి.

అందుకని కార్డు లోపల ఒక కంట్రోలరు ఉంటుంది. అది కొత్త రాతను ఖాళీగా ఉన్న వేరే పేజీలో వేసి, పాతది ఇక చెల్లదని గుర్తు పెట్టుకుంటుంది. ఖాళీలు తగ్గినప్పుడు ఏదో ఒక బ్లాకును ఎంచి, అందులో ఇంకా చెల్లే పేజీలను మరోచోట తిరగరాసి, అప్పుడు దాన్ని చెరుపుతుంది. మీరు రాయమన్నది ఒకటి, అది రాసినవి నాలుగు. అరుగుదల అన్ని బ్లాకులకూ సమానంగా పడేట్టు చూడటమూ దాని పనే. ఇన్ని చేస్తోంది కనుక ఆ కంట్రోలరు కూడా ఒక కంప్యూటరే. 2013 డిసెంబరులో హాంబర్గులో జరిగిన హ్యాకర్ల సభలో బన్నీ హువాంగ్, అతని సహచరుడు కలిసి ఒక కార్డు కంట్రోలరును లొంగదీసుకుని తమ ప్రోగ్రామును అందులో నడిపి చూపించారు కూడా. అరచేతిలో పట్టే కంప్యూటరు, గోరంత కంప్యూటరు మీద ఆధారపడి బతుకుతోందన్నమాట.

రెండో పాదం. పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. చదివేవాడు లేని రాత ఏది, దాన్ని రాసేదెవరు అనే ప్రశ్నకు సమాధానంగా మొదట లాగులను చెప్పుకోవాలి. ఎవరో లాగిన్ అయ్యారు, టైము సరిచేసుకున్నాం, వైఫై పోయింది, వైఫై వచ్చింది: ఒక్కొక్కటి ఒక్కో వరుస. వరుస నూరు బైట్లే కావచ్చు. కానీ ఫైల్ సిస్టమ్ 4 కేబీకి తక్కువగా ఏదీ రాయదు, అక్కడికే నలభై రెట్లయింది. ఫైలు పొడవు మారింది కనుక ఆ సంగతి ముందు జర్నల్‌లో, తర్వాత అసలు చోట రాయాలి. ఇక్కడ వాడే ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ మామూలుగా అయిదు సెకన్లకోసారి జర్నల్‌ను కార్డుకు అప్పజెబుతుంది. ఇదంతా కిందికి దిగి కంట్రోలరు చేతిలో పడ్డాక పేజీలు, బ్లాకులు, ఎత్తిరాతలు. నూరు బైట్ల సమాచారానికి ఎన్ని కేబీల సిరా ఖర్చయిందో లెక్కవేసే ఓపిక ఈ టీకాకారుడికి లేదు. నాలుగు పాదాలకు ఇన్ని పేజీలు రాస్తున్నవాడికి ఆ విషయంలో ఎవరినీ తప్పుపట్టే అర్హత కూడా లేదు.

లాగుల తర్వాత డేటాబేసులు. ఇంటి పరికరాలను నడిపే హోమ్ అసిస్టెంట్ ప్రోగ్రాము వాడేవారి ఇంట్లో గది వేడి 28.1 నుంచి 28.2 అయితే అది చరిత్రకెక్కుతుంది, మళ్లీ 28.1 అయితే మళ్లీ ఎక్కుతుంది. మామూలు అమరికలో పదిరోజుల చరిత్ర నిలవ ఉంటుంది, పదకొండో రోజున చెరుగుతుంది, అదీ రాతే. ‘కార్డు మీద పడిందని నిర్ధారణ అయ్యేవరకూ కదలను’ అని డేటాబేసు పట్టుబట్టడం వల్ల, బోర్డును నడిపే లినక్స్ నాలుగు రాతలు పోగుచేసి ఒకేసారి దింపుదామనుకున్నా కుదరదు. ర్యామ్ చాలనప్పుడు కార్డు మీద పడే స్వాప్ సంగతి వేరే చెప్పాలా.

ఇక వింతల్లో వింత, చదవడం కూడా రాతే కావడం. యూనిక్స్ సంప్రదాయంలో ఫైలును ఎవరు తెరిచినా, తెరిచిన సమయం నమోదవుతుంది. 2009లో వచ్చిన 2.6.30 వెర్షన్ నుంచి లినక్స్ ఈ అలవాటును చాలావరకు తగ్గించుకుంది, పూర్తిగా మానలేదు. కోలాచల మల్లినాథ సూరి మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి మరీ కాళిదాసుకు వ్యాఖ్య మొదలుపెట్టాడు. లినక్స్‌కు అటువంటి ప్రతిజ్ఞ ఏదీ లేదు.

పూర్వపక్షం. ‘మా కెమెరాలో ఇదే కార్డు ఏళ్ల తరబడి ఉంది, దానికేమీ కాలేదే’ అని కొందరంటారు. నిజమే. 32 జీబీ కార్డు, ప్రతి బ్లాకూ వెయ్యిసార్లు చెరిపినా తట్టుకుంటుంది అనుకుందాం. మొత్తం 32,000 జీబీ రాయవచ్చు. రోజుకు ఒక జీబీ ఫోటోలు తీస్తే దాదాపు 87 ఏళ్లు. ఫోటో పెద్దది, వరుసగా పడుతుంది, బ్లాకు నిండుతుంది, కంట్రోలరుకు ఎత్తిరాతలు తక్కువ. అదే ఒక జీబీని చిల్లరగా, నలుమూలలా చల్లి, ప్రతిదీ నలభై రెట్లు ఉబ్బిందనుకోండి: 800 రోజులు. కార్డు అదే, రోజుకు రాసింది అదే ఒక జీబీ. 87 ఏళ్లు రెండేళ్ల చిల్లరకు దిగాయి. ఇది ఊహకు పెట్టుకున్న లెక్కే, మీ కార్డుకు జాతకం కాదు. అయినా కార్డు మీద ముద్రించిన క్లాస్ 10 గుర్తు వరసగా రాసే వేగాన్ని మాత్రమే చెబుతుందనీ, చిల్లర రాత వేగానికి ఏ1, ఏ2 గుర్తులు చూడాలనీ, ఆయుర్దాయాన్ని మాత్రం ఈ గుర్తుల్లో ఏదీ చెప్పదనీ గ్రహించాలి.

మూడో పాదం. ఇక్కడ కవి తప్పాడు. కవులు నిరంకుశులే గాని భౌతికశాస్త్రం వారికన్నా నిరంకుశం. చెరిపినప్పుడల్లా పొర ఊడిపోదు. జరిగేది దాదాపు దానికి వ్యతిరేకం. ఫ్లాష్‌లో ప్రతి గడీ ఒక ట్రాన్సిస్టరు. బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ 1967లో ప్రతిపాదించిన పద్ధతిలో, చుట్టూ ఆక్సైడ్ పొర కప్పిన గేటులో ఎలక్ట్రాన్లను బంధిస్తారు. ఉంటే ఒక అర్థం, లేకపోతే ఇంకో అర్థం. (ఇప్పటి అంతస్తుల చిప్పుల్లో గేటు బదులు ఎక్కువగా నైట్రైడ్ పొర ఉంటుంది, కథ మాత్రం మారదు.) ఆ పొర దాటడానికి దారి లేదు. ఇరవై వోల్టుల దాకా ఒత్తిడి పెడితే, 1928లో ఫౌలర్, నార్డ్‌హైమ్ లెక్కగట్టిన క్వాంటం విద్యతో, ఎలక్ట్రాన్లు పొరలోంచే దూరిపోతాయి. కార్డుకు బయటి నుంచి అందేది 3.3 వోల్టులే. మిగతాది అది లోపలే పెంచుకుంటుంది. ఇలా దూరిన ప్రతిసారీ ఆక్సైడ్‌లో సూక్ష్మమైన లోపాలు పడతాయి, కొన్ని ఎలక్ట్రాన్లు అందులోనే చిక్కుబడిపోతాయి. పోయేదేమీ లేదు, పేరుకునేదే ఉంది. కొన్నాళ్లకు చెరపడానికి ఎక్కువసేపు పడుతుంది, దాచిన చార్జి నిలవకుండా కారుతుంది. వేడికి ఆ కారడం మరింత వేగమవుతుంది. మే నెలలో విజయవాడ మేడ మీద, ప్లాస్టిక్ డబ్బాలో కెమెరా పక్కన ఉంచిన బోర్డుకు ఇది వర్తిస్తుందని వేరే చెప్పనక్కరలేదు.

దీనికి తోడు పిసినారితనం ఒకటి. మొదట్లో గడికి ఒక బిట్టు, రెండు స్థాయిలు. లక్ష చెరుపుళ్ల దాకా ఓర్చుకునేది. రెండు బిట్లు పెట్టేసరికి నాలుగు స్థాయిలు, ఓర్పు వేలల్లోకి దిగింది. మూడు బిట్లకు ఎనిమిది స్థాయిలు, ఓర్పు వెయ్యి నుంచి మూడు వేల దగ్గర. నాలుగు బిట్లకు పదహారు స్థాయిలు, వెయ్యి కూడా అనుమానమే. కార్డు వెనక ఈ సంఖ్యను ఎవరూ అచ్చువేయరు. సీసీ కెమెరాల కోసమని ‘హై ఎండ్యూరెన్స్’ పేరుతో అమ్మేవాటి మీద మాత్రం ఇన్ని గంటల రికార్డింగు అని రాస్తారు. ఆ గంటలు కూడా వరసగా రాసే వీడియోకు కట్టినవే కనుక లాగుల లెక్కకు నేరుగా పనికిరావు. అయినా పదీపరకా ఎక్కువిచ్చి అవే కొనమని మా అభిప్రాయం.

నాలుగో పాదం. మౌనం త్రివిధం. కొన్ని కార్డులు రాయనివ్వవు, చదవనిస్తాయి. ఇది సద్గతి. కొన్ని అసలు పలకవు. ఎర్రర్ మైనస్ 110 అని తెర మీద పడుతుంది. అడిగాం, గడువు దాటినా జవాబు రాలేదని దానర్థం. మూడోది కపటమౌనం: రాయమంటే సరేనంటుంది, రాసినట్టే చూపిస్తుంది, రీబూట్ చేస్తే నిన్న చెరిపిన ఫైళ్లన్నీ యథాస్థానంలో ప్రత్యక్షమవుతాయి. అటువంటి కార్డును ఫార్మాట్ చేసినా ఫార్మాట్ కానట్టే లేస్తుంది. కొత్తవాళ్లు దీన్ని వైరస్ అనుకుంటారు.

కార్డు బదులు ఈఎమ్ఎమ్‌సీ అనే ఫ్లాష్ చిప్పు ఉన్న బోర్డులకు తమ అరుగుదల ఎంతయిందో అడిగితే చెప్పే రిజిస్టరు ఉంటుంది. బజారు కార్డుకు ఆ నోరు లేదు. ఇంతకన్నా ఘోరం మరొకటుంది. కార్డు పాడవుతోందని లినక్స్ కెర్నెల్ కనిపెట్టి లాగులో ఒక వరుస రాయబోతుంది. ఆ మరణవాంగ్మూలం రాయవలసింది కూడా ఆ కార్డు మీదే.

అయితే చచ్చిన ప్రతి కార్డూ అరిగి చచ్చిందనుకోవడం అతివ్యాప్తి. కంట్రోలరు తన పట్టికలను సవరించుకుంటున్న క్షణంలో కరెంటు పోతే, నిన్న కొన్న కార్డయినా పోవచ్చు. సన్నటి కేబుల్, నాసిరకం చార్జరు కూడా ఈ పాపంలో భాగస్వాములే. వోల్టేజి 4.63కు దిగితే తెర మూలన మెరుపు గుర్తు వస్తుంది. దాన్ని అలంకారమనుకునేవారే ఎక్కువ.

ప్రక్షిప్తాలు. గ్రంథాల్లోలాగే కార్డుల్లోనూ కల్తీ ఉంది. 64 జీబీ అని పైన ఉంటుంది, లోపల ఎనిమిదే. ఎనిమిది దాటాక రాసింది శూన్యంలోకైనా పోతుంది, పాతదాని మీదైనా పడుతుంది. ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాము కార్డునంతా నింపి, తిరిగి చదివి నిజం చెబుతుంది. కొన్న రోజే నడపాలి.

పరిహారం. రాత తగ్గించడమే. ఫైలు తెరిచిన సమయాన్ని రాయవద్దని నోఎటైమ్ పెట్టవచ్చు. రాస్ప్‌బెర్రీ పై సెట్టింగుల్లోనే ఓవర్లే ఉంది, అది పెడితే కార్డు మీద ఏదీ పడదు, రీబూట్‌తో అంతా ర్యామ్‌లోంచి ఆవిరైపోతుంది. డబ్బు పెట్టగలిగితే 2019 నాటి పై 4కు యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ, 2023 నాటి పై 5కు ఎన్‌వీఎమ్‌ఈ. కార్డు ఇమేజ్ ఒకటి వేరేచోట దాచుకోవడం ఎలాగూ తప్పదు.

లాగులను ర్యామ్‌లో ఉంచాలా వద్దా అన్నచోట మాత్రం వ్యాఖ్యాతల్లో ఏకాభిప్రాయం లేదు. ఉంచితే కార్డు బతుకుతుంది, కానీ యంత్రం ఎందుకు పడిపోయిందో చెప్పే వరుస యంత్రంతోనే పోతుంది. నవ్యులు లాగులను నెట్‌వర్కు మీదుగా ఇంకో కంప్యూటరుకు పంపమంటారు. మాకూ సమ్మతమే. ఆ ఇంకో కంప్యూటరు కూడా కార్డు మీదే నడిచే రాస్ప్‌బెర్రీ పై అయితే అది పునరుక్తి దోషం.