నేను కాదు, నువ్వు

మా ఇంటి హాల్లో గడియారం కింద ఒక ఫ్రేమ్ ఉంది. అందులో డిగ్రీ నాటి నా ఎన్‌ఎస్‌ఎస్ సర్టిఫికెట్. రెండేళ్లలో 240 గంటల సమాజ సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం పూర్తి చేశానని దాని సారాంశం. పాతికేళ్లకు పైగా చుట్టాలంతా దాని కిందే కూర్చుని చాయ్ తాగారు గానీ, ఏం సేవ చేశావని ఒక్కరూ అడగలేదు. చివరికి మా చిన్నది అడిగింది.

అడగడానికి కారణం అమెరికా. మన దగ్గర ఇంజినీరింగ్‌కి ఎప్‌సెట్ ర్యాంకు, డిగ్రీకి దోస్త్‌లో ఇంటర్ మార్కులు. మొక్క నాటావా, ముసలమ్మను రోడ్డు దాటించావా అని అడిగేవాడు లేడు. అమెరికా కాలేజీలకు నింపే కామన్ యాప్ అలా ఊరుకోదు. చదువు కాక ఇంకేం వెలగబెట్టావో పది గళ్లలో చెప్పమంటుంది. ఒక్కో పని గురించి రాసుకోవడానికి 150 అక్షరాలు, మధ్యలో ఖాళీలతో కలిపి. మా వైపు పెళ్లి పత్రికలో ఆహ్వానించువారి పేర్లకే అది చాలదు. పోనీ అంతటితో వదులుతుందా? ఏ తరగతిలో చేశావు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని పోలీసు ఎంక్వైరీ.

మా దాని సేవంతా తొమ్మిదో తరగతిలో పుట్టి తొమ్మిదిలోనే పోయింది. తర్వాత పదో తరగతి, ఆ పైన ఇంటర్. ఇంటర్ పిల్లలకు మన సమాజం సేవ చేయాలి గానీ వాళ్లు సమాజానికి చేసేదేముంటుంది?

మొదటిది మొక్కల పని. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని 2015 జూలైలో హరితహారం మొదలైంది కదా, అందులో వీళ్ల వంతుగా బడి గోడ వెంట నలభై కానుగ మొక్కలు పెట్టారు. కానుగ ఆకు చేదు, మేక ముట్టదని పెద్దలు చెప్పారు. మేక ముట్టలేదు, నిజమే. పైపులు వేయడానికి వచ్చిన జేసీబీకి చేదూ తీపీ తెలియదు.

రెండోది ఇటుక బట్టీ పిల్లలకు చదువు. మా షాద్‌నగర్ చుట్టుపక్కల బట్టీలకు ఒడిశా నుంచి కుటుంబాలు వస్తాయి. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా మట్టి మోయడానికి పాలమూరు లేబర్ పోయిన రోజులుండేవి, అలాంటి గడ్డకే ఇప్పుడు ఇంకొకరి వలస. చలికాలంలో వచ్చి వానలు పడే ముందు వెళ్లిపోతారు. మా చిన్నది, దాని స్నేహితురాలు ఆదివారం పొద్దున రెండు గంటలు అక్కడ కూర్చునేవాళ్లు. ఒకసారి నేనే స్కూటర్ మీద దింపాను. ఎనిమిదేళ్ల పిల్ల, జుట్టంతా ఎర్రమట్టి. పలక వదిలేసి, అచ్చులోంచి అప్పుడే తీసిన పచ్చి ఇటుక మీద పుల్లతో ‘అ’ దిద్దింది. వాళ్ల నాన్న చూడలేదు, ఇంకో ఇటుక తీస్తున్నాడు. ఆ ‘అ’ ఎండి, కాలి, లారీ ఎక్కి ఈపాటికి హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంటు గోడలో ప్లాస్టరింగు కింద ఉందో. పద్నాలుగు ఆదివారాలు అయ్యేసరికి బట్టీ ఆగింది, పిల్లలు రైలెక్కారు. మరుసటేడు వేరే పిల్లలొచ్చారు. అప్పటికి మా దానికి ఆదివారం పరీక్షలు.

ఇదంతా ఫారంలో ఎలా రాయాలో తేల్చుకుందామని హైదరాబాద్‌లో ఒక కన్సల్టెంటు దగ్గరకు పోయాం. ఫీజు ముందే కట్టించుకుని ఆయన గొంతు తగ్గించాడు. “మధ్యల బంద్ అయినట్టు కనవడొద్దు సార్. నాలుగేండ్లు పెట్టుండ్రి. వాలంటీర్ ఏంది, ఫౌండర్ అని రాయిండ్రి.” ఆయన గదిలో ఆ పొద్దు కూర్చున్న ఆరుగురు పిల్లలూ ఫౌండర్లే. నాకు సలహా నచ్చింది. డబ్బు కట్టిన సలహా ఎప్పుడూ నచ్చుతుంది.

దానికి నచ్చలేదు. ఇంటికొచ్చాక బుజ్జగించాను.

“బంద్ ఏడైంది బిడ్డా, మనసుల నడుస్తనే ఉంది గదా.”

“మనసుల వారానికి ఎన్ని గంటలు డాడీ?”

“బంద్ అయిందని రాస్తే పరువు పోతది.”

“మన జిల్లా బంద్ కాలేదా? నేను పుట్టింది మహబూబ్‌నగర్ జిల్లా. 2016 దసరా నుంచి రంగారెడ్డి జిల్లా. ఇల్లు గీడ్నే ఉంది. రెండు ఉన్నదున్నట్టే రాసినం. ఇది గూడ గంతే.”

మా ఊరివాళ్లతో ఈ వాదన గెలవలేం. ఊరు షాద్‌నగర్, మండలం ఫరూఖ్‌నగర్ అని ప్రతి ఫారంలో రాసి రాసి, ఉన్నదున్నట్టు రాయడం చిన్నప్పుడే అలవాటవుతుంది. నేను దిక్కులు చూశాను. అది ఫ్రేమ్ చూసింది.

“నువ్వు నిజంగ ఎన్ని గంటలు చేసినవ్?”

లెక్క తీశాం. గాంధీ శతజయంతి ఏడు 1969లో మొదలైన ఎన్‌ఎస్‌ఎస్‌కు ఒక నినాదం ఉంది: నేను కాదు, నువ్వు. మా బ్యాచ్ దాన్ని అక్షరాలా పాటించింది. పార ఎవరు పడతారంటే నేను కాదు, నువ్వు. శిబిరంలో మొదటి రోజు ప్రారంభోత్సవం, ఫొటో. రెండో రోజు ఆరు గంటలు మట్టి పని, అరచేతిలో బొబ్బ. తర్వాత ప్రపంచ కప్. 1996 మార్చి 9న బెంగళూరులో వకార్ యూనిస్‌ను జడేజా బాదుతుంటే ఏ ఊరి రోడ్డు మాత్రం బాగుపడుతుంది? ఇక రాత్రి బడి పదకొండు సాయంత్రాలు, గంట చొప్పున. నలుగురు ముసలమ్మల్లో ఒకామె సంతకం నేర్చుకుంది. మొదటి సంతకం అప్పు కాగితం మీద పెట్టింది. రక్తదాన శిబిరంలో అరటిపండ్లు పంచింది మూడు గంటలు, ర్యాలీలు ఆరు గంటలు. రక్తం ఇవ్వలేదు.

మొత్తం 26. మా దాని పద్నాలుగు ఆదివారాలు 28 గంటలు.

ఇక నేను నోరెత్తలేదు. బట్టీ చదువుకు తొమ్మిదో తరగతి ఒక్కదానికే టిక్కు పెట్టింది. వారానికి 2, ఏడాదికి 14. మొక్కల గడిలో, నలభై నాటాం, మూడు మిగిలాయి అని కూడా రాసింది. కాలేజీకి పోయాక ఇలాంటి పని చేస్తావా అనే ప్రశ్న దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది. ఆగి, చేస్తానని నొక్కింది.

మర్నాడు స్టూలెక్కి ఫ్రేమ్ దించబోయాను. దాని వెనక గోడ తెల్లగా మెరుస్తోంది, మిగతా గోడంతా మాసిపోయి ఉంది. “పెయింట్ ఏపిచ్చినంక దించు, అందాక ఉండనియ్” అంది మా ఆవిడ. పెయింట్ దసరాకు అనుకున్నాం. ఏ దసరాకో అనుకోలేదు.