ఆవకాయకు కుట్టిన చొక్కా

నేను కుట్టుమిషనుని. నల్లటి ఒళ్లు, మెడ నిండా బంగారు రంగు తీగెలు, ముందు ఒక బిళ్ల. బిళ్ల చుట్టూ నీలి అంచు ఉంటుంది. సింగర్ కంపెనీకి నూరేళ్లు నిండాయని 1951లో పుట్టినవాటికి వేసిన గుర్తు అది. మా రకం ఫెదర్‌వెయిట్. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో జనానికి మొదటిసారి చూపించారు. అయిదు కిలోల బరువు. మడతబల్ల మూసి పెట్టెలో పెడితే ఒంటిచేత్తో పట్టుకుపోవచ్చు. నేను పుట్టింది న్యూజెర్సీలోని ఎలిజబెత్ అనే ఊళ్లో, ఆ కార్ఖానా 1982లో మూతపడింది. ఇప్పుడు అక్కడికి దగ్గర్లోనే, జెర్సీ సిటీలో, నలుగురు తెలుగమ్మాయిలు కలిసి అద్దెకుంటున్న ఇంట్లో వంటింటి బల్ల మీద ఉన్నాను. న్యూజెర్సీలో పుట్టినదానికి తెలుగెలా వచ్చిందంటారా? ఆ బల్ల దగ్గర ఉంటే రాక చస్తుందా?

మొదట్లో నేనున్నది ఒక అమెరికా ఇల్లాలి దగ్గర. హాలోవీన్ వేషాలు అప్పటినుంచీ ఎరుగుదును. ఏటా అక్టోబరు వచ్చేసరికి ఆమె కాగితపు కవరులోంచి సింప్లిసిటీ కంపెనీ నమూనా తీసి బట్ట మీద పరిచేది. పక్కింటివాళ్లు బెన్ కూపర్ కంపెనీ అట్టపెట్టె కొనేవాళ్లు. అందులో ఒక ప్లాస్టిక్ ముఖం, దాన్ని బిగించడానికి రబ్బరు దారం, ఒక పల్చటి గౌను. ఆ గౌను మీద మళ్లీ అదే పాత్ర బొమ్మ! ముఖానికి మంత్రగత్తె, పొట్ట మీద మంత్రగత్తె. వేషం వేసుకున్నవాళ్లే తామెవరో ఛాతీ మీద చాటుకోవడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆమె బట్టను ముందు నలిపి చూసేది. ఆ రోజుల్లో పొడవాటి నూగున్న రేయాన్‌తో కౌబాయ్ దుస్తులు చేసి పిల్లలకు అమ్మేవారు. నిప్పురవ్వ తగిలితే భగ్గుమనేవి. పిల్లలు కాలిపోయారు. 1953లో బట్టల మంట మీద అమెరికాలో చట్టం వచ్చిందంటే కారణాల్లో అదొకటి. గుమ్మడికాయ దీపాల పక్కనే పిల్లలు తిరిగే పండుగ కదా, నాకు ఆ బెంగ పోలేదు.

తర్వాత చాలా ఏళ్లు అలమరలో ఉండిపోయాను. ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు సామాన్లు వాకిట్లో పెట్టి అమ్మారు. ఈ నలుగురిలో ఒకతె, తెనాలి అమ్మాయి, నన్ను చూసి ఆగిపోయింది. వాళ్లమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఆ సాయంత్రమే వీడియోలో అమ్మకు చూపించింది. "సింగరు మిషనే! ముందు నూనె వెయ్యి తల్లీ. బాబిన్ కింద నుసి తియ్యి," అందావిడ. ఆ గొంతు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సూది మాత్రం పిల్ల తప్పుగా బిగించింది. నాకు సూది చదును వైపు ఎడమకు ఉండాలి, దారం కుడి నుంచి ఎడమకు ఎక్కాలి. ఇప్పటి మిషన్లలా ముందు నుంచి ఎక్కిస్తే కుట్టు పడదు. "పాడైపోయిందే ఇది," అంది. ఆడలేక మద్దెల ఓడు!

నలుగురూ కలిసి న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్ హాలోవీన్ ఊరేగింపుకు వెళ్లాలనుకున్నారు. ముసుగులు, బొమ్మలు చేసే రాల్ఫ్ లీ అనే కళాకారుడు 1974లో మొదలుపెట్టాడు దాన్ని. టికెట్ అక్కర్లేదు, వేషం ఉంటే ఎవరైనా నడవచ్చు. అయితే ఏం వేషం? పంచాయతీ నా చుట్టూనే.

"నలుగురం సూపర్‌హీరోలమైతే అయిపాయె. గింత సోంచాయించుడెందుకే?" అంది వరంగల్ అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడం అంటే, ఆమె తెచ్చిన సాగే బట్ట మీద నా కుట్టు పటపటా తెగిపోయింది. నాకు తిన్నటి కుట్టు ఒక్కటే వచ్చు, వంకర కుట్టు రాదు. బట్ట సాగితే దారం సాగదు. సూపర్‌హీరోలు అక్కడితో సరి.

మాయాబజార్ అన్నారు. అందరికీ శశిరేఖే కావాలి. ఉత్త శశిరేఖ కాదు, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. సావిత్రి నడక నడవాలని నలుగురికీ సరదా. మిగతా కిరీటాలకు డబ్బెంతవుతుందో స్ప్లిట్‌వైజ్ యాప్‌లో లెక్క వేసుకుని నోరు మూసుకున్నారు.

"మీ గంగమ్మ జాతర వేషాలు వేద్దామా? పుష్ప సినిమా చూశారు కదా, జనం గుర్తుపడతారు," అని తిరుపతి అమ్మాయిని అడిగారు. ఆమె మొహం మారింది. "అది మొక్కు మే. పాలెగాణ్ని పట్టేదానికి అమ్మవారు రోజుకొక వేషం కట్టింది. మా నాయన చీర కట్టుకుని గుడికి పోతాడు. చాక్లెట్ల కోసరం కట్టేది కాదు." ఎవరూ ఎదురు చెప్పలేదు. ఆ పిల్ల చెప్పింది నాకు నచ్చింది. ప్రతి వేషమూ వీధిలోకి తెచ్చేది కాదు.

"అయితే ఏటి చేద్దాం మరి? ఆకలేస్తంది," అంది శ్రీకాకుళం అమ్మాయి. కుక్కరు దిగింది. అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. ముద్ద నోట్లో పెట్టుకుని తెనాలి అమ్మాయి ఆగింది. "మనం నలుగురం ఇదే!" అంది.

బట్ట ఎక్కడ? జోఆన్ బట్టల దుకాణాలు 2025లో దేశమంతా మూతపడ్డాయి. అప్పుడు తెనాలి బుర్ర పనిచేసింది. నెవార్క్ అవెన్యూలో ఇండియా స్క్వేర్‌కు పోయి చీర లోపలి లంగాలు కొనుక్కొచ్చింది. ఎరుపు, తెలుపు, పసుపులో రెండు ఛాయలు. బొందు లాగేసి, పైభాగం కొంత కుట్టేసి, తలకూ చేతులకూ సందులు వదిలితే చొక్కా తయారు. నూలు బట్ట, తిన్నటి కుట్టు, నాకింతకంటే సుఖమేముంది? మామిడి ముక్కలకు ఆకుపచ్చ ఫెల్ట్ కత్తిరించారు. ఫెల్ట్ అంచు పీచు లేవదు, మడవక్కర్లేదు. కష్టపెట్టింది శాటినే. ఆవకాయ మీద నూనె తేలాలని అంచుకు నారింజ శాటిన్ వేయమన్నారు. అది పళ్ల మీద జారుతుంది, పక్కకు పోతుంది, రెండుసార్లు విప్పించుకుంది. అన్నం చొక్కాకు దూది ఉండలు అతికిస్తుంటే కౌబాయ్ పిల్లలు గుర్తొచ్చారు. ఇప్పుడు గుమ్మడికాయల్లో చాలామంది బ్యాటరీ దీపాలే పెడుతున్నారట, కాస్త నయం.

ఊరేగింపు రోజు సాయంత్రం నెయ్యికి ఫోనొచ్చింది. ఆఫీసులో ఏదో సర్వరు కూలిందట. నెయ్యి అంటే వరంగల్ పిల్లే. ఆమె లంగా ఇంకా కత్తెర కూడా చూడలేదు. మాయాబజార్ అయితే ఇల్లంతా ఏడుపే. ఘటోత్కచుడు రాకపోతే మాయ ఎక్కడిది? నెయ్యి లేకపోయినా పప్పన్నం ఆగదు. ముగ్గురూ పాత్ రైలెక్కి వెళ్లిపోయారు.

నేను వెళ్లలేదు కదా, అర్ధరాత్రి వాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను. సిక్స్త్ అవెన్యూ పొడుగునా జనం ఆవకాయను చూసి కెచప్ అని అరిచారట. పప్పును మస్టర్డ్ అన్నారట. అన్నం మొక్కజొన్న పేలాలైపోయింది. ఒకచోట మాత్రం గుంపులోంచి "అక్కా, నెయ్యేదీ?" అని ఓ కుర్రాడు కేకేశాడు. ఆ ఒక్క కేకకు ముగ్గురూ రోడ్డు మీద గెంతారట.

నెయ్యి లంగా సంక్రాంతికి చీర కిందికి పనికొచ్చింది.

ఒక మనిషి తగ్గినా నిలబడేదే గుంపు వేషం. ఇది నా తీర్పు. మీ ఇంట్లోనూ ఇలాంటి ఆలోచనే ఉంటే వినాయక చవితికే బట్ట తెచ్చి పెట్టుకోండి. కొలతలు వేసుకునేవాళ్ల ఒంటి మీద తీయండి, ఫోనులో అడిగి రాసుకోవద్దు. శాటిన్ జోలికి పోకండి. మొదలుపెట్టే ముందు నాకు ఒక చుక్క నూనె వేయండి.