టక్కుమనని గేరు

మావాడు అమెరికా పోతూ తన రోడ్డు సైకిల్ని నాకు అప్పజెప్పినాడు. "పొద్దున్నే తొక్కు నాయనా, పొట్ట తగ్గుతుంది" అన్నాడు.

దీనికి గేరు మీట బ్రేకు పిడిలోనే ఉంటుంది. 1990లో షిమానో వాళ్లు ఈ సదుపాయం తెచ్చేదాకా పందేలవాళ్లు కూడా చెయ్యి కిందికి చాచి, ఫ్రేము మీది మీట తిప్పుకునేవాళ్లట. ఇప్పుడు వేలు కదిపితే టక్కుమంటుంది, గేరు పడుతుంది. మా సైకిలు మాత్రం రెండేళ్లు వరండాలో నిలబడి ఆ టక్కు మరిచిపోయింది. మీట నొక్కితే, అర్జీ అందుకున్న గుమాస్తా మాదిరి తలూపుతుంది గానీ పని జరగదు.

దాంతో కపిలతీర్థం దాటి అలిపిరి ఎగువ రాగానే దిగి తోసుకోవడమే. గేర్లు లేని భక్తులు గోవిందా అంటూ 3,550 మెట్లు ఎక్కేస్తుంటే, ఇరవై గేర్ల సైకిలు పట్టుకుని నేను నడుస్తున్నా.

వైద్యం మొదలైంది. "ఆముదం పొయ్యిరా, ఎంత బిగువైనా వదులుతుంది" అంది అమ్మ. ఆమె లెక్కలో కడుపుకూ కీళ్లకూ తలుపు బందులకూ మందు ఒకటే. పోశాను. మీట ఇంకా బద్ధకించింది. "గ్రీసు పెడితే మళ్లీ చూసే పన్లేదు సామీ" అని సైకిల్ షాపాయన గోళీకాయంత ముద్ద లోపలికి కుక్కినాడు. చివరికి మా ఆవిడ కొబ్బరినూనె తెచ్చింది. ఆశ్చర్యం, నాలుగు రోజులు గేరు పడింది! అయిదోరోజు ధనుర్మాసం చలిలో మళ్లీ మొండికేసింది. 24 డిగ్రీల దగ్గర సీసాలో గడ్డకట్టే నూనె మీటలో మాత్రం కట్టదా?

వీడియో కాల్లో మావాడు తల పట్టుకున్నాడు. "లోపల పళ్లచక్రం ఉంటుంది నాయనా. స్ప్రింగుతో ఆడే బుల్లి కొక్కెం ఒక్కో పన్నునే పట్టి కేబుల్ని లాగుతుంది. పాత గ్రీసు బంక కట్టి కొక్కెం ఎత్తిన చోటే అతుక్కుపోయింది. నువ్వు దానిమీద ఇంకా బంక పోసినావు. ముందు కడుగు!"

కడగడానికి డబ్ల్యూడీ-40 చెప్పాడు. 1953లో అమెరికావాళ్లు చేసిన మందట. అట్లాస్ క్షిపణికి తుప్పు పట్టకుండా పూసేవాళ్లట. 39 సార్లు కుదరక 40వ సారి కుదిరిందని ఆ పేరు. మా జిల్లాలో శ్రీహరికోట ఉంది కాబట్టి రాకెట్ మందంటే నాకు వెంటనే గురి కుదిరింది.

చక్రం అంచు మీద పడితే బ్రేకు జారుతుందని గుడ్డ కప్పి, మీట సందులోకి కొడుతూ, నొక్కుతూ పోయాను. యాభై నొక్కులకు నల్లటి కషాయం కారింది. ఆముదం, గ్రీసు, కొబ్బరినూనె... ఇంటిల్లిపాది ప్రేమా బయటికొచ్చింది. తర్వాత టైలరు దగ్గర కుట్టుమిషను నూనె అడిగి రెండంటే రెండే చుక్కలు వేశాను. టక్!

మర్నాడు అలిపిరి ఎగువలో టక్, టక్, టక్ అని అన్నిటికన్నా తేలిక గేరుకు వచ్చేశాను. అయినా తొక్కలేకపోయాను. వేలు ఇంకా మీట నొక్కుతూనే ఉంది, కింద గేర్లు అయిపోయినాయి. దిగి, రోజూ ఆగే టీకొట్టుకే చేరాను.

"ఏం సామీ, గేరు ఇంకా బాగు కాలేదా?"

"అయింది నాయనా, అదే వచ్చిన చిక్కు. చక్కెర తగ్గించి ఒక టీ పొయ్యి."