గడువు తీరిన పాస్‌వర్డ్: టీకా తాత్పర్యాలు

మూలం: "మీ పాస్‌వర్డ్ గడువు తీరినది. మార్చుకొని మరల ప్రవేశింపుడు."

టీక: మీ = ఇంటినుండి కొలువు చేయువారగు మీయొక్క; గడువు = ఎవరును దిద్దనిచో విండోస్ డొమైన్ విధించు 42 దినములు; మార్చుకొని = ఇది క్త్వార్థకం. చిక్కంతా ఈ పదంలోనే ఉంది. క్త్వార్థకం ముందు జరిగే పనిని చెబుతుంది కనుక మార్పు మొదట, ప్రవేశం పిదప. వ్యాకరణం నిర్దోషం, లోకమే తలకిందులు. మార్పును ఒప్పుకోవాల్సిన డొమైన్ కంట్రోలర్ హైదరాబాద్ ఆఫీసు లోపల ఉంటుంది. అక్కడికి దారి వీపీఎన్. గడువు తీరిన పాస్‌వర్డ్‌కు చాలాచోట్ల ఆ దారి మూతపడుతుంది. ప్రవేశిస్తే గాని మార్పు లేదు, మారిస్తే గాని ప్రవేశం లేదు. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషమంటారు. ఆఫీసు కుర్చీలో ఉన్నవాడికి ఇది అంటదు; లాప్‌టాప్ పట్టుకుని గద్వాలకో వనపర్తికో నాగర్‌కర్నూల్‌కో చేరినవాడికే అంటుతుంది. కృష్ణా తుంగభద్రల మధ్య ఉంది కనుక గద్వాల సీమ నడిగడ్డ అయింది; వీపీఎన్‌కూ డొమైన్‌కూ మధ్య చిక్కినవాడిదీ నడిగడ్డే, నీళ్లు మాత్రం లేవు. పండితులను ఆదరించి విద్వద్గద్వాల అనిపించుకున్న ఆ ఊళ్లో ఈ వాక్యకర్తకు సంభావన దక్కడం కష్టం.

గడువే లేకుంటే దొంగిలించిన పాస్‌వర్డ్ దొంగకు శాశ్వత మాన్యమవుతుంది కదా అని పూర్వపక్షం. నిజమే, కానీ దొంగ 42 రోజులు ఆగుతాడా? గడువుకు జడిసినవాడు చివరి 1ని 2 చేసి ఊరుకుంటాడు. ఆ మార్పు దొంగకూ తెలుసు. అందుకే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో, బయటపడిందన్న ఆధారం లేనిదే ఊరికే మార్పించవద్దంది. 2019లో మైక్రోసాఫ్ట్ కూడా తన భద్రతా సిఫార్సుల నుంచి గడువును తీసేసింది. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే సరిపోదా అని రెండో ఆక్షేపం. ఎంప్లాయీ ఐడీ, పుట్టినతేదీ అడిగి కొత్త పాస్‌వర్డ్ ఇచ్చే చోట ఆ రెండూ తెలిసిన దొంగ కూడా ఉద్యోగే. గడువు ఉండి తీరాలంటే మార్చుకునే చోటు కోట బయట, ఓటీపీ కాపలాతో, గుమ్మం దగ్గరే ఉండాలి. కొన్ని వీపీఎన్‌లు గుమ్మంలోనే మార్చనిస్తాయి, కొన్ని మార్చనివ్వవు. కొనేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న అది.

విశేషం: బయట మార్చుకున్నా లాప్‌టాప్‌కు ఆ కబురు అందదు. అది పాతదానితోనే తెరుచుకుంటుంది, వీపీఎన్ కొత్తది అడుగుతుంది. కాబట్టి పాఠకులారా, గడువు తీరకముందే, వీపీఎన్‌లో ఉండగానే కంట్రోల్-ఆల్ట్-డిలీట్ నొక్కి మార్చుకోండి. వెంటనే లాప్‌టాప్‌ను లాక్ చేసి కొత్తదానితో తెరవండి.