బీరువాకి రంగు పడుద్ది

తాతల నాటి టేకు బీరువా ఒకటి ఎనభై ఏళ్లుగా బతికే ఉంది. తలుపు తీస్తే కిర్రుమంటుంది. వానాకాలంలో కింది సొరుగు మొరాయిస్తుంది. లోపల కలరా ఉండల వాసన. ఇవన్నీ ప్రాణమున్న లక్షణాలే. అయినా ఈ మధ్య ఎవరో ఒకరు చాక్ పెయింట్ డబ్బా, రెండంగుళాల బ్రష్షు, స్టాండుకి బిగించిన ఫోనుతో దిగి దానికి ‘కొత్త జీవితం’ ప్రసాదిస్తున్నారు. నిమిషంన్నర వీడియోలో బీరువా పుదీనా పచ్చడి రంగుకి తిరుగుతుంది. ఇత్తడి పిడి పోయి గాజు పిడి వస్తుంది. వెనకాల పియానో మోగుతుంది.

కొత్త జీవితం ఇచ్చారంటే అంతకుముందు అది చచ్చి ఉండాలి కదా. పోస్టుమార్టం ఎవరు చేశారో చెప్పరు. “పాతకాలం మోడల్ అండీ” అంటారు. అంతే, మరణ ధ్రువీకరణ పత్రం చేతికొచ్చినట్టే.

ఈ వైద్యం మన ఊళ్లో పుట్టింది కాదు. 1989లో రేచల్ ఆష్‌వెల్ అనే ఇంగ్లండు మహిళ కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో ‘షాబీ షీక్’ పేరుతో దుకాణం తెరిచింది. వెలిసిపోయి పెచ్చులూడిన తెల్లరంగు సామానులోనే అసలు అందం ఉందని అక్కడి జనాన్ని ఒప్పించింది. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండులో ఆనీ స్లోన్ చాక్ పెయింట్ తయారుచేసింది. గరుకు కాగితం పట్టక్కర్లేదు, ప్రైమర్ వెయ్యక్కర్లేదు, నేరుగా పూసెయ్యడమే. అంటే పని తెలియక్కర్లేదు. సరుకు అమ్ముకోవడానికి ఇంతకన్నా మంచి మాట ఇంకేం కావాలి?

రంగు ఆరాక జరిగే తతంగం ఇంకా ముచ్చటగా ఉంటుంది. కొత్తగా పూసిన రంగుని అంచుల దగ్గర, మూలల దగ్గర గరుకు కాగితంతో గీకుతారు. ఎందుకయ్యా అంటే, పాతదిలా కనిపించాలట! బీరువా పాతగా ఉందని రంగు వేశారు. రంగు మరీ కొత్తగా ఉందని గీకి పాతది చేశారు. మొదటి పాతదనం రావడానికి ఎనభై ఏళ్లు పట్టింది, రెండోదానికి పది నిమిషాలు. తేలిగ్గా వచ్చినదానికే గిరాకీ ఎక్కువ.

అమెరికాలో ఇలాంటి పాత సామాను వేటంతా థ్రిఫ్ట్ స్టోర్లలో, అంటే వాడేసిన సరుకు అమ్మే దుకాణాల్లో సాగుతుంది. వాటిలో పేరున్న గుడ్‌విల్ 1902లో బోస్టన్‌లో మొదలైంది. ఎడ్గర్ హెల్మ్స్ అనే మెథడిస్ట్ పాస్టరు ఉన్నవాళ్ల ఇళ్లనుంచి పాత బట్టలు, సామాను పోగుచేసి, పనిలేని పేదల చేత వాటిని బాగుచేయించి, అమ్మిన డబ్బులోంచి కూలి ఇచ్చేవాడు. ఆ ఏర్పాటుకి ప్రాణం మరమ్మతు పనే. ఊగే కాలు బిగించాలి, చిరిగింది కుట్టాలి. ఇప్పుడు అదే రకం దుకాణంలో పొద్దున్నే కాపుకాసి, పేద కుటుంబానికి అందాల్సిన బల్లను చవగ్గా కొట్టేసి, సాయంత్రానికి రంగు పూసి, నాలుగింతలకు అమ్మేవాళ్లు తయారయ్యారు. దీనికి పర్యావరణ సేవ అని పేరు. సేవ చేసినవాళ్లకి లాభం కూడా వచ్చిందంటే కాదనడానికి మనమెవరం? అమెరికా వెళ్లిన మన కుర్రాళ్లు వీధిచివర చెత్తడబ్బా పక్కన వదిలేసిన సోఫాని నలుగురూ మోసుకొచ్చి, దుప్పటి కప్పుకుని రెండేళ్ల ఎమ్మెస్ దాని మీదే పూర్తిచేశారు. వాళ్లనెవరూ పర్యావరణ సేవకులు అనలేదు. రంగు వెయ్యకపోవడమే వాళ్లు చేసిన తప్పు.

ఇక మన హైదరాబాద్‌కి వద్దాం. పాత సామాను దుకాణంలో మనం అమ్మబోతే “ఇలాంటివి ఇప్పుడెవరు కొంటారమ్మా, వంటచెరుక్కి పనికొస్తుంది” అంటారు. మనం కొనబోతే అదే బల్ల బర్మా టేకు. ఈ వ్యాపారంలో అంత మాత్రం రంగు మార్చడం మామూలే, అది ఎప్పటినుంచో ఉన్న కళ. కొత్తగా వచ్చిన కళ వేరే ఉంది. 2018లో ఐకియా దేశంలోనే తన మొదటి దుకాణాన్ని ఈ ఊళ్లో తెరిచింది. అక్కడనే కాదు, ఏ ఫర్నిచర్ షోరూంకి వెళ్లినా కొయ్య పొట్టుని జిగురుతో అదిమి చేసిన పలకలు ఉంటాయి. వాటిమీద చెక్క చారలు అచ్చేసిన కాగితం అతికిస్తారు, టేకులా కనిపించడానికి. అదే ఊళ్లో, అదే అపార్టుమెంట్లో, అసలు టేకున్న మహానుభావులు దాని చారలు కనిపించకుండా తెల్లరంగు పూస్తున్నారు, షోరూంలో పలకలా కనిపించడానికి. ఇద్దరికీ మధ్యవర్తి ఎవరైనా ఉంటే సామాను మార్చి పంచేసేవాడు. రెండు వైపులా రంగు ఖర్చు మిగిలేది.

చెక్కకి నోరు లేదనుకుంటారు గానీ, అది ఊరుకోదు. టేకులో సహజంగానే నూనె ఉంటుంది. చెదలు దాని జోలికి రావడానికి జంకే కారణాల్లో అదొకటి. ఆ నూనె వల్లే రంగు కూడా సరిగ్గా అంటుకోదు. సరిగ్గా శుభ్రం చెయ్యకుండా పూస్తే గోరు తగిలిన చోటల్లా ఊడొస్తుంది. జిట్రేగి, మహాగని అయితే ఇంకా మొండివి. వాటి ఎరుపు రెండు పూతల తెల్లరంగునీ దాటుకుని గులాబీ మరకలుగా పైకొస్తుంది. మూడో పూత వేసినా వస్తుంది. దానికి విరుగుడేమిటని అడిగితే, ముందు లక్క ప్రైమర్ వెయ్యమంటారు.

ఇక్కడ కాస్త ఆగాలి. లక్క అంటే మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు స్రవించే బంక. జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో గిరిజనులు దాన్ని గీకి తెస్తారు. శుద్ధిచేసిన లక్కను స్పిరిట్‌లో కరిగించి, దూది ఉండని గుడ్డలో చుట్టి, పలచగా పూత మీద పూత రుద్దడమే మన పాలిష్ పనివాళ్లు చేసే లక్క పాలిష్. మీ బీరువా మీద మొదట ఉన్నది చాలావరకు అదే. దాన్ని రెండు ఆదివారాలు చెమటోడ్చి గీకేశారు. ఇప్పుడు మరకలు ఆగడానికి దిగుమతి డబ్బాలో అదే లక్కను కొని మళ్లీ పూస్తున్నారు, దానిమీద తెల్లరంగు వెయ్యడానికి. ఆ రెండు పనుల మధ్య ఒక్క పూట ఆగి ఉంటే బీరువా బాగుపడి ఉండేది.

సొరుగు సంగతి కూడా చెప్పాలి. వానాకాలంలో చెక్క తేమ పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. అందుకే వడ్రంగి సొరుగు పక్కన సన్నని సందు వదులుతాడు. బిగుసుకున్నప్పుడు కొవ్వొత్తి ముక్క రుద్దితే చాలు. మన కళాకారులు ఆ సందులో కూడా మూడు పూతలు వేస్తారు. ఇక అది ఏ కాలంలోనూ తెరుచుకోదు. అయినా వీడియోలో సొరుగు తెరిచి చూపించరు కాబట్టి నష్టం లేదు. పైభాగాన్ని మైనంతో మెరిపిస్తారు. వేడి టీ గ్లాసు పెట్టారో, గుండ్రటి మచ్చ. అందుకే కొత్త జీవితం పొందిన టీపాయ్ మీద టీ పెట్టకూడదు.

ఇలాంటి సామాను అసలు విలువేమిటో చండీగఢ్ చెబుతుంది. 1950లలో ఆ నగరం కడుతున్నప్పుడు పియరీ జెన్నరె అనే వాస్తుశిల్పి ప్రభుత్వ కార్యాలయాల కోసం టేకు, పేముతో కుర్చీలు రూపొందించాడు. దశాబ్దాల తర్వాత అవి విరిగి, పేము తెగి, మిద్దెల మీద గుట్టలుగా పడ్డాయి. పాతకాలం మోడల్ కదా, గుమాస్తాలు తుక్కు కింద వేలం వేశారు. కొన్న విదేశీ వ్యాపారులు తెలివైనవాళ్లు. కీళ్లు బిగించారు, పేము మళ్లీ అల్లించారు, పాలిష్ పట్టించారు. అవే కుర్చీలు పారిస్, న్యూయార్క్ వేలాల్లో లక్షల రూపాయలు పలికాయి. చివరికి 2011లో వాటి అమ్మకం, ఎగుమతి మీద కేంద్ర హోంశాఖ నిషేధం పెట్టాల్సి వచ్చింది. ఆ తుక్కు గుట్టని మన రంగు డబ్బా వైద్యులు ముందుగా చూడకపోవడం ఆ కుర్చీల పూర్వజన్మ సుకృతం.

ఇందులో నవ్వుకునే వీల్లేని సంగతి ఒకటుంది. పాత సామాను మీద ఇదివరకే ఎనామెల్ రంగు ఉంటే అందులో సీసం ఉండొచ్చు. అమెరికా ఇళ్లలో వాడే సీసం రంగుల్ని 1978లో నిషేధించింది. మన దేశంలో 90 పీపీఎం హద్దు 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. అలాంటి రంగుని పొడిగా గీకితే లేచే దుమ్ము పసిపిల్లల మెదడుకి చేటు. కొన్ని వీడియోల్లో ఆ దుమ్ము పక్కనే పిల్లలు కూడా బ్రష్షులు పట్టుకుని ముద్దుగా సాయం చేస్తుంటారు.

రంగంటే నాకు పగ లేదు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్కను అద్దే ఏటికొప్పాక పనివాళ్లని, కొయ్యమీద బంగారు వన్నెలు పలికించే నిర్మల్ చిత్రకారుల్ని చూసినవాళ్లెవరూ కర్రకి రంగు కూడదని అనరు. వాళ్లు ఏ కర్రకి ఏ రంగు పడుతుందో తెలిసి వేస్తారు. ఉబ్బిన ప్లైవుడ్ అలమరకి, తుప్పుపట్టిన ఇనప బీరువాకి, గీతలు పడ్డ సన్‌మైకా బల్లకి నిక్షేపంగా వేసుకోవచ్చు. వాటికి దాచుకోవలసింది ఉంది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, డబ్బా మూత తెరిచే ముందు సొరుగు పూర్తిగా బయటికి లాగి, అడుగు చెక్క తిప్పి చూడండి. రంగు, పాలిష్ లేని అసలు చెక్క అక్కడే కనిపిస్తుంది. టేకో జిట్రేగో అని అనుమానం వస్తే మీ పేటలో ముసలి వడ్రంగి ఎవరున్నారో కనుక్కుని పిలవండి. ఆయన అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి, రంగు డబ్బాకి బేరమాడలేదు కదా. అప్పటికీ చేతి దురద తగ్గకపోతే ఇంట్లో నాలుగు గోడలున్నాయి, వాటికి వెయ్యండి.