అందాజా ఇంజనీర్లు

పత్తికి మందు కొట్టే కాలం వచ్చిందంటే చాలు, ఆదిలాబాద్ నుంచి జమ్మికుంట దాకా ఊరికి నలుగురు ఇంజనీర్లు తేలుతారు. వీళ్ల శాస్త్రం పేరు అందాజా.

మందు కొట్టే తైవాన్ పంపులో ఉండేది టూ స్ట్రోక్ ఇంజను. ఇంజనాయిలుకు విడిగా చోటుండదు. పెట్రోల్లో కలిసొచ్చే నూనే పిస్టన్‌కూ బేరింగులకూ దిక్కు. లీటరుకు ఎంత కలపాలో కంపెనీ పుస్తకంలో రాస్తుంది. మోడల్‌ను బట్టి 20 నుంచి 40 మిల్లీలీటర్లు. ఆ పుస్తకం అట్టపెట్టెతో పాటే పొయ్యిలోకి పోతుంది గనక మన కొలత సీసా మూత. "ఇంకో మూత పొయ్యిరా, ఇంజనుకు బలం" అంటాడొకాయన. ఆ బలానికి ప్లగ్గు మీద మసి గడ్డకడుతుంది, సైలెన్సర్ నుంచి జిడ్డు కారుతుంది, తాడు గుంజీ గుంజీ కూలీ భుజం పడిపోతుంది. ఇంకొకాయన పొదుపరి. నూనె దండుగంటాడు. ఆయన పిస్టన్ సిలిండర్‌ను కరుచుకుని కదలదు. నూనెలో మిగిల్చిన పైసలు కొత్త పిస్టన్‌కు చాలవు. ఒకరి మాట ఒకరికి పడని ఈ ఇద్దరూ ఒక్క తీర్పు దగ్గర మాత్రం కలుస్తారు: "కంపెనీ మాలే ఖరాబున్నది."

ఎయిర్ ఫిల్టర్ స్పాంజి పీకేస్తే పికప్ పెరుగుతుందని మరో సిద్ధాంతం. పెరుగుతుంది కూడా, రేగడి దుమ్ము లోపలికి పోయి సిలిండర్ గోడలు గీకేదాకా.

పట్నాల్లో సరదారాయుళ్లు నైట్రో బొమ్మకార్లు నడుపుతారు. రెండు మూడు సీసీల ఇంజను, నిమిషానికి 30,000 చుట్లు తిరుగుతుంది. తాగేది మిథనాల్, నైట్రోమీథేన్, కాస్త నూనె. ఆ నూనెలో తరచూ మన ఆముదం కూడా ఉంటుంది. మిథనాల్ గాలిలో తేమను లాగేస్తుందని, ఆట కాగానే ట్యాంకు వంపేస్తారు, కార్బురేటర్లో మిగిలింది కాలిపోయేదాకా ఇంజను నడుపుతారు, లోపల నాలుగు చుక్కలు నూనె వేసి మరీ దాస్తారు. బొమ్మకు ఆ మర్యాద! చేను కాపాడే పంపును మనం సగం ట్యాంకు పెట్రోలుతో కొట్టంలో యూరియా సంచుల సందున పడేస్తాం. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్. తేమ తాగడంలో అది మిథనాల్‌కు తమ్ముడే. ఎండాకాలం గడిచేసరికి కార్బురేటర్ లోపలి సన్న రంధ్రం జిగురుతో పూడుకుపోతుంది.

జులైలో మెకానిక్ కొట్టు ముందు జాతరే. ఒకాయన పంపు దించి గట్టిగా వాదిస్తుంటాడు.

"మొన్నటిదాంక మంచిగనే నడిచిందే, అన్నా!"

"మొన్నంటే?"

"దీపావళికి."